తాంబూలాల వేళ

విందుకు ఎవరిని పిలవాలన్నది ఒక పూటలో తేలిపోయింది. ఏం వండించాలన్నది అంతకన్నా త్వరగా తేలింది. ఎప్పుడు ముగించాలన్న దగ్గరే ఆ ఇంట్లో నాలుగు రోజులు మాటలు నడిచాయి.

వెంకటకృష్ణయ్యకు డెబ్బయ్యో ఏడు వస్తోంది. బళ్ళారి బజారులో పాత్రల అంగడి ఆయనది. తండ్రి పెట్టింది, ఆయన పెంచింది, ఇప్పుడు కొడుకు చంద్రశేఖర్ చూసుకుంటున్నాడు. ఏడు నెలల కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఆయన అక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. కాలూ చెయ్యీ నెల తిరక్కుండానే స్వాధీనంలోకి వచ్చాయి గాని, మాట అంత సులువుగా రాలేదు. మొదట అసలే లేదు. తర్వాత ఒక్కొక్కటిగా వచ్చింది. ఇప్పుడు ఉదయం పూట బాగానే మాట్లాడతాడు, తెలియనివాళ్ళు వింటే తేడా పట్టలేరు. అలసిపోతే మాత్రం ఒకటి అనబోయి ఇంకొకటి అంటాడు. నీళ్ళ గ్లాసు అడగబోయి తాళంచెవి అడుగుతాడు. తప్పు మాట వచ్చిందని ఆయనకే మొదట తెలుస్తుంది. అసలు మాట లోపల ఎక్కడో ఉందనీ తెలుస్తుంది. అది నోటికి అందదు, అంతే.

అంగడికి ఈ ఏడు నెలల్లో ఒకే ఒక్కసారి వెళ్ళాడు. కుక్కర్ కొనడానికి వచ్చిన ఒకామె ఎన్ని లీటర్లని అడిగితే, ఆయన జవాబుగా భార్య పేరు చెప్పాడు. ఆమె తమాషా అనుకుని నవ్వింది. వెంకటకృష్ణయ్య అందరి ముందూ ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి మేడ దిగడం మానేశాడు. బజారు నుంచి ఎవరు చూడవచ్చినా నిద్రపోతున్నానని చెప్పమనేవాడు. బ్రూస్‌పేటలోని ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి ఎంతమంది వెనక్కి పోయారో లెక్కలేదు.

ఆయన ఎటువంటి మనిషో తెలిసినవాళ్ళకు ఇది నమ్మశక్యంగా లేదు. ఒకప్పుడు ఆయన ఇంటికి వచ్చినవాళ్ళు లేచి వెళ్ళడమే కష్టం. ఎండ దిగలేదు కూర్చోమనేవాడు, ఎండ దిగితే కాఫీ వస్తోందనేవాడు, కాఫీ తాగాక ఇంకొక సంగతి గుర్తొచ్చిందనేవాడు. మరీ లేవబోతే చెప్పులు దాచిపెట్టేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే దీపాలు పెట్టేదాకా ఆ హాలు ఖాళీ అయ్యేది కాదు. ఆయన భార్య సరోజినీదేవి వంటింట్లో పాలు మూడోసారి పొయ్యిమీద పెడుతూ విసుక్కునేది. పిలిచేది తెలుసు గాని పంపించేది తెలియదు ఈ మనిషికి, అని నలభైమూడేళ్ళుగా సణిగింది. హాల్లో కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు. వంటింటి తలుపు పక్కన నిలబడి వినేది. వినీ వినీ ఆయన చెప్పే కథలన్నీ ఆమెకు కంఠస్థమైపోయాయి. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు.

విందు ఆలోచన కోడలు హిమబిందుది. మామ పుట్టినరోజు వంకతో బజారువాళ్ళను నలుగురిని ఇంటికి పిలిస్తే ఆయనకు ధైర్యం వస్తుందని ఆమె అన్నది. వెంకటకృష్ణయ్య రెండు రోజులు వద్దన్నాడు. మూడో రోజు, మల్లికార్జునయ్యను పిలుస్తారా, అని అడిగాడు. మల్లికార్జునయ్య వాళ్ళ అంగడికి ఎదురుగా కంబళ్ళు, దుప్పట్లు అమ్మేవాడు. యాభై ఏళ్ళ స్నేహం. ఆయన్ని కూడా ఈ ఏడు నెలల్లో నాలుగుసార్లు గుమ్మం నుంచే పంపించేశారు. ఆ అడగడమే ఒప్పుకోవడమని ఇంట్లో అందరూ అర్థం చేసుకున్నారు.

వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి ఆయనచేత మాటలు పలికించే వినూత అనే అమ్మాయిని సరోజినీదేవి సలహా అడిగింది. వినూత తప్పక చేయమన్నది. కాని ఒక షరతు పెట్టింది.

"రెండు గంటలు సాలు అమ్మా. అంకల్ చెన్నాగ్, బాగ మాట్లాడతా ఉండంగానే నిలిపేయాల. అలసిపోయినంక నిలిపితే ఆయనకి ఆ కడపటిదే మనసులో ఉంటాది. మళ్ళ ఎవర్నీ రానీయరు."

ఇంకో మాట కూడా చెప్పింది. ఆయన మాట కోసం తడుముకుంటుంటే ఇంట్లోవాళ్ళు గబుక్కున అందించేస్తున్నారని, అలా చేయవద్దని, ఎంత సేపైనా ఓపికగా ఆగమని. ఆ మాట ఆమె వచ్చినప్పుడల్లా చెప్పేది. ఇంట్లో ఒక్కరికీ చేతనయ్యేది కాదు.

సరే, రెండు గంటలంటే ఎలా? చంద్రశేఖర్ ఫోన్లో పంపే పిలుపులో పన్నెండు నుంచి రెండు వరకు అని వేద్దామన్నాడు. ఎప్పుడు రావాలో చెప్తారు గాని ఎప్పుడు పోవాలో ఎవరైనా చెప్తారా, అవమానంగా ఉండదా, అన్నది హిమబిందు. ఆరోగ్యం బాగాలేదని ముందే అందరి చెవిలో వేద్దామని అతనన్నాడు. అప్పుడు అందరూ ఆయన్ని రోగిని చూసినట్టు చూస్తారు, అదైతే విందు దేనికి, అని ఆమె అన్నది. చివరికి సరోజినీదేవి కలగజేసుకుంది. పిలుపులో ఏమీ వేయవద్దనీ, రెండు కాగానే తాను తాంబూలాల తట్ట తీసుకుని హాల్లోకి వస్తాననీ చెప్పింది. తాంబూలం చేతికొచ్చాక ఎవరూ కూర్చోరు. పంపించడం ఎలాగో తనకు తెలుసునని, ఆ పని తనకు వదిలేయమని అన్నది.

ఆదివారం పన్నెండుకల్లా హాలు నిండింది. ముప్ఫైమంది దాకా వచ్చారు. అందరూ బజారువాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. వెంకటకృష్ణయ్య తెల్ల పంచె కట్టుకుని, లాల్చీ వేసుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మొదటి అయిదుగురు వచ్చేదాకా ఆయన చేతులు మోకాళ్ళమీద బిగించుకునే ఉన్నాడు. నమస్కారం అన్నవాళ్ళకు తల ఊపాడు, నోరు విప్పలేదు.

మల్లికార్జునయ్య భార్య పంపమ్మతో వచ్చాడు. వచ్చి ఎదురుగా నిలబడి, ఏమీ అడగకుండా పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన అంగడి రేకుల కింద పావురాలు గూడు పెట్టిన సంగతి, అవి దుప్పట్ల మూట పాడుచేసిన సంగతి చెప్పాడు. అదంతా నిన్న వదిలేసిన మాటకు కొనసాగింపు అన్నట్టు చెప్పాడు. వెంకటకృష్ణయ్య కాసేపు విన్నాడు. తర్వాత, ఆ రేకులు మార్చమని పదేళ్ళుగా చెప్తున్నాను కదా, అన్నాడు. మాట తడబడలేదు. వంటింటి తలుపు పక్కన నిలబడ్డ సరోజినీదేవి అప్పటికి ఊపిరి వదిలింది.

భోజనాలు బాగా జరిగాయి. బెల్లం పూర్ణం ఓళిగలు, గుత్తివంకాయ, చిత్రాన్నం, పెరుగుపచ్చడి. హిమబిందు వడ్డించింది, చంద్రశేఖర్ నీళ్ళు పోశాడు. వెంకటకృష్ణయ్య విస్తరి ముందు కూర్చునే అటువాళ్ళకు ఇంకో ఓళిగ వేయమని, ఇటువాళ్ళకు నెయ్యి తక్కువైందని కొడుకును కేకేస్తున్నాడు. ఆ కేక వినడానికి సరోజినీదేవి చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడు నెలలుగా ఆ ఇంట్లో వినపడని గొంతు అది.

ఒంటిగంటన్నరకు అందరూ మళ్ళీ హాల్లో చేరారు. ఆయన ఒక కథ చెప్పాడు. ఆడిటర్ దగ్గరికి పోబోయి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్న సంగతి. నవ్వులకు కిటికీ రెక్కలు అదిరాయి. దానిమీద ఇంకొకరు ఒకటి చెప్పారు, దానికి ఈయన జవాబు చెప్పాడు.

గోడ గడియారం రెండు కొట్టింది.

తట్ట సిద్ధంగానే ఉంది. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, ఆడవాళ్ళకు రవికెగుడ్డలు, పసుపు కుంకుమ భరిణెలు. సరోజినీదేవి తట్ట ఎత్తి రెండడుగులు వేసింది. అప్పుడే హాల్లో ఆయన నవ్వు వినిపించింది. గొంతులోంచి వచ్చే ఉత్త నవ్వు కాదు, పొట్ట ఊగేలా, చివర దగ్గు వచ్చే ఆయన పాత నవ్వు. ఆమె ఆగింది. తట్టను మళ్ళీ గట్టుమీద పెట్టింది.

రెండుంబావుకు హిమబిందు వచ్చి కళ్ళతోనే అడిగింది. సరోజినీదేవి చేత్తో ఆగమన్నది. రెండున్నరకు మళ్ళీ వచ్చింది.

"అత్తా, రెండున్నర అయ్యింది. మామ మొఖం చూడు, చెమట పడతాండాది."

"ఎండకులే. ఇంకొక అయిదు నిముషాలు ఉండు హిమా. ఆ మాట అయిపోనీ."

ఆ మాట అయిపోయింది, ఇంకొకటి మొదలైంది. సరోజినీదేవికి తాను చేస్తున్నది తప్పని తెలుస్తూనే ఉంది. పంపించడం తెలియని మనిషని ఆయన్ని ఇన్నేళ్ళు ఆడిపోసుకున్నది తనే. ఇవ్వాళ తన కాళ్ళే కదలడం లేదు. ఇప్పుడు పంపించేస్తే ఈ గొంతు మళ్ళీ ఎన్నాళ్ళకు వింటానో అనుకుంది. రేపు మళ్ళీ మేడమీద గది, కిటికీ, తాళంచెవి అనబోయి గ్లాసు, గ్లాసు అనబోయి తాళంచెవి. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అనుకుంటూ తలుపును ఆనుకునే నిలబడింది.

మూడవుతుండగా కొట్రేశ్ అడిగాడు. అతనిది నాలుగంగళ్ళ అవతల స్టవ్వుల రిపేరు దుకాణం. మంచివాడే గాని నోరు ముందు, ఆలోచన వెనక.

"అన్నా, ఆ సంగనకల్లు హండా కథ చెప్పన్నా. విని ఎన్ని దినాలాయ."

అందరూ చెప్పమన్నారు. అది ఆయన కథలన్నిటిలోకీ పేరున్న కథ. వెంకటకృష్ణయ్య మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళ వయసులో, సంగనకల్లులో ఒక పెళ్ళివారికి స్నానానికి నీళ్ళు కాచే పెద్ద రాగి హండా ఇచ్చి రమ్మని తండ్రి పంపాడు. బస్సు రోడ్డుమీద దించేసి పోయింది. అక్కడినుంచి ఊళ్ళోకి నడవాలి. నాలుగడుగులు వేశాడో లేదో వాన పట్టుకుంది.

"వాన అంటే... అట్లాంటిట్లాంటి వాన కాదప్పా. ఇంక నేనేం చేసినా అంటే... తలమీద ఆ రైలు బోర్లించుకొని..."

కొట్రేశ్ పకపకా నవ్వాడు. ఆయన కావాలనే అన్నాడనుకున్నాడు. ఇంకో ఇద్దరు కూడా నవ్వారు.

"రైలు కాదు," అన్నాడు వెంకటకృష్ణయ్య. "రైలు. అది... ఆ రైలు..."

మూడోసారి అన్నాక ఆగిపోయాడు. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పి హండా ఆకారం చూపించాడు. చెయ్యి కిందికి దించేశాడు. కొట్రేశ్ నవ్వు సగంలో ఆగింది. మల్లికార్జునయ్య నేలకేసి చూస్తున్నాడు. వెంకటకృష్ణయ్య కళ్ళల్లో నీళ్ళు తిరగడం తలుపు దగ్గరినుంచే సరోజినీదేవికి కనిపించింది.

హిమబిందు పరుగున తట్ట తెచ్చి అత్త చేతుల్లో పెట్టబోయింది. ఇప్పుడు లేపేస్తే అయిపోతుంది, అందరూ తలొంచుకుని వెళ్ళిపోతారు. సరోజినీదేవి తట్ట అందుకోలేదు. రెండింటికి లేపవలసింది, లేపలేదు. ఆ తప్పు తనది. ఇప్పుడు లేపితే ఆయనకు ఓళిగలూ గుర్తుండవు, నవ్వులూ గుర్తుండవు. రైలు ఒక్కటే గుర్తుంటుంది. ఇక ఎప్పటికీ ఆ మేడ దిగడు. ఇక్కడ మాత్రం ముగించకూడదు అనుకుంది. తర్వాత ఏం చేయాలన్నది ఆమెకు తెలియదు. కాళ్ళు మాత్రం హాల్లోకి నడిచాయి.

మగవాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, భర్త కుర్చీ పక్కన ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ హాల్లో అందరి ముందు ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. చీర కొంగు మోకాళ్ళమీదికి లాక్కుంది.

"ఈ కథ ఎప్పుడూ ఆయప్పే చెప్తాడు," అన్నది. "ఈ పొద్దు నేను చెప్తా. నలభైమూడేండ్లు ఆ తలుపు కాడ నిలబడి ఇన్నా. నాకూ వచ్చు."

అందరూ తలెత్తారు. వెంకటకృష్ణయ్య ఆమెను వింతగా చూశాడు.

ఆమె చెప్పింది. మొదట చాలా వేగంగా, ఎవరో తరుముతున్నట్టు చెప్పింది. కొత్త రాగిలో వాననీళ్ళు నిలిస్తే మచ్చలు పడతాయని, అలా పడితే తండ్రి చర్మం ఒలుస్తాడని ఈయన భయం. అందుకని హండా తలమీద బోర్లించుకుని నడిచాడు. భుజాలదాకా హండానే, కిందనుంచి రెండు కాళ్ళు. ఎదర ఏముందో కనపడదు. ముళ్ళకంప తగిలితే ఇటు, రాయి తగిలితే అటు. ఒక గొర్రెలమంద అది చూసి చెల్లాచెదురైంది. కాపరి తిట్టిన తిట్లు లోపల ఒకటికి నాలుగుగా వినపడ్డాయి. ఆ తిట్ల దగ్గర పంపమ్మ నవ్వింది. ఆ నవ్వుతో సరోజినీదేవి గొంతు కుదుటపడింది. నెమ్మదిగా, ఆయన ఆగే చోట్ల ఆగుతూ, ఆయన చెయ్యి ఊపే చోట చెయ్యి ఊపుతూ చెప్పసాగింది. ఊరి చివర ఒక గుడిసె దగ్గరికి చేరాడు. అందులో భీమక్క అనే ముసలామె ఉంది. ఆమెకు చూపు సరిగా లేదు. ఎవరది అని అడిగింది. నేనేనవ్వా, బళ్ళారి నుంచి వస్తున్నానని ఈయన లోపలినుంచే చెప్పాడు. హండా లోపల ఆ ఒక్క గొంతు నలుగురు మగవాళ్ళు ఒకేసారి అరిచినట్టు మోగింది. పాపం ముసలామె, వానలో తడిసి వచ్చారు, ఆకలిగా ఉంటారనుకుంది.

"ఇంక ఆయమ్మ పొయ్యి రాజేసి, అన్నము, పప్పు చేసె..."

"కాదు."

వెంకటకృష్ణయ్య అన్నాడు. ఆమె ఆగింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తన కథను ఎవరైనా తప్పు చెప్తే ఊరుకునే మనిషి కాదు ఆయన ఎప్పుడూ.

"అన్నం కాదు. ఆడ అన్నం యాడిది." కాసేపు వెతుక్కున్నాడు. "రొట్టె. జొన్న రొట్టె."

"ఆ, రొట్టె," అన్నది సరోజినీదేవి. "రొట్టెలు చేయాలని పిండి తీసె. తీసి, మిమ్మల్ని ఏమో అడిగె కదా. ఏమడిగె? నాకు అది గుర్తు రాలేదు."

అని నోరు మూసుకుంది.

ఆ ముసలామె ఏమడిగిందో ఆ హాల్లో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. కొట్రేశ్‌కు తెలుసు, పంపమ్మకు తెలుసు, చంద్రశేఖర్ ఆ మాట వింటూనే పెరిగాడు. హిమబిందు పెదవులు విచ్చుకోవడం చూసి సరోజినీదేవి కళ్ళతోనే వారించింది. మల్లికార్జునయ్య కూర్చున్నచోటి నుంచే అరచెయ్యి కొంచెం ఎత్తాడు, ఎవరూ కదలవద్దన్నట్టు. ఎవరూ కదల్లేదు. ఆ మాట నోట్లోనే పెట్టుకుని, ముప్ఫైమందీ ఆయన కోసం ఆగారు.

చాలా సేపు పట్టింది. ఒకసారి నోరు తెరిచి మూశాడు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. సరోజినీదేవి ఆయన ముఖం వైపు చూడకుండా, తన చేతి గాజులు చూసుకుంటూ కూర్చుంది. తాను చేసింది తప్పయితే దీనికి ఇక మందు లేదని ఆమెకు తెలుసు.

వెంకటకృష్ణయ్య నడుం కొంచెం వంచాడు. కళ్ళు చిట్లించాడు. గొంతు సన్నగా, ముసలిగా, వణుకుతూ వచ్చింది. అది భీమక్క గొంతు.

"'లోపల... ఎంతమంది ఉండారప్పా?'" అన్నాడు. ఒక క్షణం ఆగి, "'ముందే చెప్తే... అన్ని రొట్టెలు తడతా.'"

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. కొట్రేశ్ తొడ చరుచుకున్నాడు. పంపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మల్లికార్జునయ్య నవ్వుతూ నవ్వుతూ స్నేహితుడి భుజం పట్టుకుని వదల్లేదు. వెంకటకృష్ణయ్య చుట్టూ చూశాడు, తాను కూడా నవ్వాడు. పొట్ట ఊగేలా నవ్వాడు, చివర దగ్గాడు.

ఇంకొకటి, ఇంకొకటి, అన్నారెవరో. గుంతకల్లు పాసింజరు కథ చెప్పమన్నారు ఇంకెవరో. వెంకటకృష్ణయ్య ముఖం వెలిగిపోతోంది. సరోజినీదేవికి కూడా వినాలనే ఉంది. రెండు గంటలప్పటికన్నా ఇప్పుడే ఎక్కువగా ఉంది. ఆ కోరిక ఎక్కడికి తీసుకుపోతుందో ఇందాకే చూసింది కాబట్టి ఆమె లేచి నిలబడింది. హిమబిందు వైపు చెయ్యి చాపింది. తట్ట చేతికి వచ్చింది.

"ఇంక సాలప్పా," అన్నది, ఎవరి ముఖమూ చూడకుండా, అందరికీ వినపడేలా. "ఈ పొద్దుకు ఇంతే. అందరూ లేయండి. మళ్ళ పిలుస్తాము."

ఆ ఇంట్లో అతిథులను లేవమని ఎవరైనా అనడం అదే మొదలు. ఒక్క క్షణం అందరూ వెంకటకృష్ణయ్య వైపు చూశారు, కూర్చోండప్పా అంటాడేమోనని. ఆయన అనబోయాడు కూడా. నోరు తెరిచి భార్య వైపు చూశాడు. ఆమె తట్ట పట్టుకుని నిలబడే ఉంది. ఆయన కుర్చీ చేతులు ఊతగా చేసుకుని లేచి, అందరికీ రెండు చేతులూ జోడించాడు.

అందరూ ఒక్కొక్కరే తాంబూలం తీసుకుని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్ళారు. కొట్రేశ్ ఏదో క్షమాపణ చెప్పబోతే వెంకటకృష్ణయ్య అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. మల్లికార్జునయ్య ఆఖర్న మిగిలాడు. పంపమ్మకు సరోజినీదేవి బొట్టు పెడుతుంటే పక్కన నిలబడి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు.

"ఇన్నేండ్లు ఈడ కూచొని నవ్వినాము. నువ్వు ఆ తలుపు కాడ నిలబడి ఇంటాండావని మాకు గొత్తే లేదు, తెలీనే లేదు తల్లీ."

సరోజినీదేవి ఆయన తాంబూలంలో ఇంకొక అరటిపండు పెట్టింది.

వెంకటకృష్ణయ్య మేడ ఎక్కి పడుకున్నాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే నిద్రపోయాడు. సరోజినీదేవి, హిమబిందు వంటింట్లో పీటలు వేసుకుని, చల్లారిపోయిన చిత్రాన్నం తిన్నారు. రెండింటికి లేపకపోవడం నాదే తప్పు, అని అత్త ఒప్పుకుంది. హిమబిందు అత్తకు ఇంకొంచెం పెరుగు వేసింది.

ఆరు గంటలకు సరోజినీదేవి కాఫీ తీసుకుని పైకి వెళ్ళేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. కాఫీ తీసుకున్నాడు గాని తాగలేదు.

"రైలు అంటి కదా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. "అంటిరి."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

ఆయన తలొంచుకున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుంది.

"భీమక్క మాట కూడా మీరే అంటిరి," అన్నది. "అదీ అందరూ ఇన్నారు."

కాసేపటికి ఆయన కాఫీ తాగడం మొదలుపెట్టాడు. సగం అయ్యాక గ్లాసు కిందపెట్టి ఆమె వైపు తిరిగాడు.

"అన్నం పప్పు అని ఏంటికి చెప్తివి?"

"మర్చిపోయినా."

"నువ్వు మర్చిపోయే మనిషివి కాదు సరోజా."

ఆయన ఆమె చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. కింద వీధిలో ఆటోలు పోతున్న చప్పుడు వింటూ కూర్చున్నారు.

మరుసటి గురువారం ఆయన అంగడికి వెళ్తానన్నాడు. ఉదయం పదింటికి చంద్రశేఖర్ స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. వెనకాలే ఆటోలో సరోజినీదేవి వెళ్ళింది. ఆయన గంటసేపు కూర్చున్నాడు. ఎదురంగడి నుంచి మల్లికార్జునయ్య వచ్చాడు, ఆయన వెనకే కొట్రేశ్ వచ్చాడు. గంట కాగానే ఆమె లేచి, ఇంక పోదాం పదండి, అన్నది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు గాని లేచాడు.

ఆ తర్వాత అది అలవాటైంది. అంగట్లో అయినా, ఇంట్లో నలుగురు చేరినా, ఆమె ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ముగించే వేళ ఆమెదే. ఒక్కోసారి తొందరపడి లేపేస్తుంది, అప్పుడు ఆయన సాయంత్రం దాకా మాట్లాడడు. ఒక్కోసారి తనే నవ్వులో పడి ఆలస్యం చేస్తుంది, అప్పుడు ఒకటో రెండో మాటలు తప్పిపోతాయి. తప్పినప్పుడు బజారువాళ్ళు ఎవరూ అందించరు. కాఫీ గ్లాసులు చేతిలో పట్టుకుని, ఆయన వెతుక్కునేదాకా ఆగుతారు.